అర గ్రాముకు పావు గ్రాము కొసరు

మందుల శాస్త్రంలోకి అడుగుపెడుతున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి సలహా అడుగుతుంటారు. రిటైరైన ప్రొఫెసరు దగ్గర సలహాలు తప్ప ఇంకేం మిగులుతాయని వాళ్ల నమ్మకం. నేను ఒక్క ముక్క చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేస్తాను: మీ పరిశోధనలో మందు తూచే మనిషి ఎవరో, అతను ఎలాంటి ఇంట్లో పెరిగాడో ముందు కనుక్కోండి. విన్నవాళ్లంతా నవ్వుతారు. వింటే నవ్వని పిల్ల ఒకతె మాత్రం ఉంది. ఆమె థీసిస్‌ను నా కుడిచేతి రెండు వేళ్లు ముంచినంత పని చేశాయి. ఆ వేళ్లు నావే కాబట్టి, ఆ కథ చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

మాది సత్తెనపల్లిలో కిరాణా కొట్టు. నాకు అక్షరాలకన్నా ముందు తక్కెడ తెలుసు. బడి నుంచి రాగానే పీట మీద కూర్చుని జీలకర్ర, మిరియాలు, చింతపండు పొట్లాలు కట్టేవాణ్ణి. కొసరు విషయంలో మా నాన్నకు ఒక సిద్ధాంతం ఉండేది. "బస్తా కొనేవాడికి కొసరు అక్కర్లేదురా, వాడికి మనతో పని ఉంది. చిటికెడు జీలకర్ర కొనే మనిషికి వెయ్యి, ధారాళంగా వెయ్యి. ఆ మనిషి రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు" అనేవాడు. అయితే తూకం మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. ముల్లు నిలబడాలి, పళ్లెం దించాలి, అప్పుడు రెండు వేళ్లతో పైన వెయ్యాలి. తూకంలోనే కలిపేస్తే కొన్నవాడికి కనపడదు, కనపడని కొసరు వేసీ దండగ.

కొట్లో పుట్టినవాడికి బేరం కూడా ఒంట్లోనే ఉంటుంది. చెప్పిన ధరకు నేను ఏ వస్తువూ కొనలేదు, నా పెళ్లి ఉంగరం తప్ప. అది కూడా మామగారు కొన్నారు కాబట్టి. ఎంబీబీఎస్ తరవాత సర్జరీ సీటు కోసం ప్రయత్నిస్తే నా ర్యాంకుకు ఫార్మకాలజీ వచ్చింది. అక్కడ బేరం కుదరలేదు. అంత చదువూ మందుల షాపు పెట్టుకోవడానికే చదివానని మా బంధువులు ఇప్పటికీ అనుకుంటారు. షాపు ఎక్కడో తెలియక ఇబ్బంది పడుతుంటారు.

నా రిటైర్మెంటు ఏడెనిమిదేళ్లు ఉందనగా మా కాలేజీలో ఎండీ, పీహెచ్‌డీ రెండూ కలిపి చేసే కోర్సు మొదలైంది. ఒక కాలు ఆస్పత్రిలో, ఒక కాలు ప్రయోగశాలలో పెట్టి నడిచే చదువు. మా డిపార్టుమెంటులో చేరిన మొదటి విద్యార్థిని పర్చూరు పక్క పొగాకు రైతు కూతురు. ఆమెకు గైడును నేనే. చేరే రోజు వాళ్ల నాన్న కూడా వచ్చాడు.

"సార్, రెండు డిగ్రీలు వస్తయ్యంట గదా. మరి బోర్డు మీద ఏది రాసుకోవాల?" అన్నాడు.

"రెండూ రాసుకోవచ్చండి."

"ఆస్పత్రి పెట్టుద్దా?"

"పెట్టకపోవచ్చండి. పరిశోధన కదా."

"మరి బోర్డు ఎక్కడ పెట్టాల సార్?"

ఆ అమ్మాయి కల్పించుకుంది. "నాన్నా, నువ్వు బయట కూర్చో." తరవాత నా వైపు తిరిగి, "ఎన్నేళ్లు పడుతుంది సార్?" అంది.

"ఆరేళ్లమ్మా. నువ్వు గట్టిగా చేస్తే అయిదున్నరకు లాగుదాం."

"తగ్గించమని అడగలేదు సార్. ఎన్నేళ్లో అడిగాను."

నా వృత్తి జీవితంలో బేరానికి దిగని మనిషిని చూడటం అదే మొదటిసారి. కొంచెం భయం వేసింది.

గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల షెడ్లలో వందలమంది ఆడవాళ్లు కింద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటారు. సాయంత్రానికి వాళ్ల చేతులు మండిపోతుంటాయి. ఆ చేతులతో ఇంటికెళ్లి పిల్లల్ని ముట్టుకోలేరు, అన్నం కలుపుకోలేరు. నీళ్లలో కలిపి చేతులు ముంచితే మంట తగ్గించే పొడి ఒకటి ఉంది. దాని పేరుతో ఇక్కడ పని లేదు. అది ఎంత వేస్తే సరిపోతుందన్నదే ఆ అమ్మాయి ప్రశ్న. అర గ్రాము, ఒక గ్రాము, రెండు గ్రాములు అని మూడు మోతాదులు, మందు లేని ఉత్త పిండి కలిపిన నీళ్లు నాలుగోది. ఎవరికి ఏది వెళుతోందో ఆమెకు తెలియకూడదు, ఆడవాళ్లకూ తెలియకూడదు. తూచి, మందపాటి కవర్లలో కట్టి, నంబర్లు వేసే మూడో మనిషి ఒకడు కావాలి.

ఆ పని చేసిపెట్టే సంస్థలు ఉన్నాయి. ఒక సంస్థవాళ్లు రేటు చెప్పారు. నేను సగానికి అడిగాను. వాళ్లు కొంచెం దిగారు. నేను ఇంకొంచెం దిగమన్నాను. అక్కడ పట్టుబట్టారు. "పొట్లాలు కట్టడానికి ఇంత హంగామానా? నేను పుట్టిందే పొట్లాల్లో" అని ఫోను పెట్టేసి, ఆ బాధ్యత నేనే తీసుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల సంబరపడ్డాను. నలభై ఏళ్ల తరవాత మళ్లీ పొట్లాలు.

మూడు నెలలపాటు ప్రతి శనివారం తలుపేసుకుని తూచాను. ఎలక్ట్రానిక్ కాంటా మీద అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టి మరీ తూచాను. మా అటెండరు కిటికీలోంచి చూసి, "మీ చేతిలో ఏదో కళ ఉందండీ సార్" అనేవాడు. నాకూ ఉందనే అనిపించేది.

మధ్యలో ఒకసారి పొడి అయిపోయింది. లెక్క ప్రకారం ఇంకో వారం రావాలి. పొడి పంపిన హైదరాబాదు సరఫరాదారుకు ఫోను చేసి దులిపేశాను. "డబ్బాలో తక్కువ పోసి పంపితే మాకు తెలియదనుకున్నారా? మా ఇంట్లో మూడు తరాలుగా తూకమే తిన్నాం" అన్నాను. పాపం, అతను బతిమాలి, ఏమీ తీసుకోకుండా ఇంకో డబ్బా పంపాడు. ఆ వారమంతా నేను డిపార్టుమెంటులో ఛాతీ విరుచుకుని తిరిగాను.

ప్రయోగం ముగిసింది. నంబర్ల గుట్టు విప్పాం. అర గ్రాము తీసుకున్నవాళ్లకు మంట తగ్గిన తీరు రెండు గ్రాములవాళ్లతో దాదాపు సమానంగా ఉంది. ఇంత చిన్న మోతాదు ఇంత బాగా పనిచేస్తుందని ఎవరూ ఊహించలేదు. ఆ ఫలితాన్ని ఒక పెద్ద సదస్సులో చెప్పమని ఆమెకు పిలుపొచ్చింది. బెంగుళూరులో ఒక పరిశోధనాలయం, ఆ ఏడాది చివరికి థీసిస్ ఇస్తే ఉద్యోగం ఇస్తామంది. వాళ్ల నాన్నకు బోర్డు పెట్టుకోవడానికి చోటు దొరికినట్టే. నేను మిఠాయి తెప్పించాను. బేరం ఆడకుండానే తెప్పించాను.

ఆ అమ్మాయి మాత్రం కాగితాలు తిప్పుతూ, "చిన్న డోసు ఇంత బాగా ఎందుకు పనిచేసిందో అర్థం కావట్లేదు సార్" అంది.

"పనిచేసిందానికి కారణం అడుగుతావేమిటమ్మా? పనిచేయనప్పుడు అడగాలి."

"రెండుసార్లూ అడగాలి సార్."

ప్రయోగం అయిపోయాక నెలరోజులపాటు ఆ ఆడవాళ్లందరికీ, పనిచేసిన వాటిలో అన్నిటికన్నా చిన్న మోతాదు పొడి ఇస్తామని ముందే రాసిచ్చాం. అది పట్టుకెళ్లడానికి ఒకరోజు షెడ్డు మేస్త్రమ్మ మా డిపార్టుమెంటుకు వచ్చింది. కూలీలను కూడగట్టి పనికి తీసుకొచ్చే మనిషి ఆమె. గొంతు పెద్దది, లోకజ్ఞానం అంతకన్నా పెద్దది. ఇక దాచాల్సిన గుట్టేమీ లేదు కాబట్టి తలుపు తీసే ఉంది. మా అమ్మాయి పక్క బల్ల దగ్గర థీసిస్ రాసుకుంటోంది. నేను మేస్త్రమ్మ ఎదురుగా నిలబడి తూచి ఇస్తున్నాను.

నాలుగైదు పొట్లాలు కట్టేసరికి మేస్త్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "తూకం అంటే ఇట్టా ఉండాల డాక్టరమ్మా" అంది.

"ఎట్లా?" అంది మా అమ్మాయి తల ఎత్తకుండానే.

"కాంటా మీద నిక్కచ్చిగా చూపిచ్చి, దించాక రెండు వేళ్లతో పైన ఏస్తన్నారు చూడు సారు. మా ఇంటికాడ కొట్టాయన చచ్చినా ఏయడు. ఏమయ్యా అంటే అది పాతకాలం అంటాడు."

పెన్ను ఆగిన చప్పుడు నాకు వినపడింది. పెన్ను ఆగితే చప్పుడు రాదని నాకూ తెలుసు.

"పైన ఏం వేస్తున్నారు?"

"కొసరమ్మా."

"నేనా? నేనెప్పుడు వేశాను?" అన్నాను.

"ఇప్పుడే గద సారూ. ఆ చెయ్యి మీదేనా, నేను పెట్టానా? మళ్లీ ఒకటి తూచండి, చూపిస్తా."

నవ్వుతూనే తూచాను. కాంటా మీద సరిగ్గా అర గ్రాము. కాగితం దించాను. మడత పెట్టబోతూ చూస్తే నా కుడిచెయ్యి డబ్బాలో ఉంది. నేను పంపలేదు. తనంతట తనే వెళ్లి, రెండు వేళ్ల మధ్య పొడి తెచ్చి, కాగితంలో రాల్చి, మర్యాదగా వెనక్కి వచ్చేసింది. అరవై ఏళ్లు దగ్గరపడిన మనిషికి తన చెయ్యి తనకు చెప్పకుండా ఉద్యోగం చేస్తోందని తెలియడం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు.

"దాన్ని మళ్లీ కాంటా మీద పెట్టండి సార్" అంది మా అమ్మాయి.

పెట్టాను. ముప్పావు గ్రాము.

ప్రతి మోతాదు నుంచీ కొన్ని పొట్లాలు విప్పకుండా బీరువాలో దాచి ఉంచడం నియమం. ఆమె లేచి బీరువా తెరిచింది. ఒక్కొక్కటే విప్పి తూచింది. అర గ్రాము అని రాసినవన్నీ ముప్పావుకు అటూ ఇటూగా ఉన్నాయి. ఒక గ్రామువాటిలో కొంచెం ఎక్కువ. రెండు గ్రాములవి మాత్రం అచ్చంగా రెండే. బస్తా కొనేవాడికి కొసరు అక్కర్లేదు. మా నాన్న పోయి ఇరవై ఏళ్లయింది, ఆయన సిద్ధాంతం మాత్రం మా డిపార్టుమెంటు బీరువాలో వరసగా కూర్చుని ఉంది.

మూడు నెలలు ఆ చేతిని చూసి కళ ఉందని మెచ్చుకున్న అటెండరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను అతని వైపు చూశాను. "నేను ఆ కళ గురించే అన్నానండీ సార్. అది కూడా శాస్త్రంలో భాగమే అనుకున్నానండీ" అన్నాడు.

హైదరాబాదు సరఫరాదారు గుర్తొచ్చాడు. డబ్బాలో తక్కువ పోసింది అతను కాదు. అతని దగ్గర తిట్టి మరీ రాబట్టిన డబ్బాలోంచి కూడా కొంత కొసరుగానే పోయింది.

మా మొహాలు చూసి మేస్త్రమ్మ కంగారుపడింది. "ఏందమ్మా, ఏం తప్పు జరిగింది? ఎక్కువేగా ఏసింది, తక్కువేం ఏయలేదుగా. పెద్దాయన్ని ఏమనమాక" అని నా తరఫున వకాల్తా పుచ్చుకుంది. ఆమెను పొట్లాలతో పంపించాక గదిలో ఇద్దరమే మిగిలాం.

మీలో కొందరికి ఇలాంటి గది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అందుకని అందులో నేనేం చేశానో దాచకుండా చెబుతాను. బేరం మొదలుపెట్టాను.

"ఒకపని చేద్దాం. మోతాదు పక్కన 'సుమారు' అని రాద్దాం" అన్నాను.

"మీ నాన్నగారి కొట్లో 'సుమారు కిలో' అని అమ్మేవారా సార్?"

"పోనీ, దాచిన పొట్లాల తూకం చూసి అర గ్రామును ముప్పావుగా దిద్దేద్దాం. ఒక వాక్యం మారుతుంది, అంతే."

"ఏ పొట్లంలో ఎంత పడిందో మీకు తెలుసా సార్? మీ మనసు బాగున్న శనివారం ఎంత వేశారో, బాగాలేని శనివారం ఎంత వేశారో?"

తెలియదు. మూడో బేరం పెట్టడానికి నోరు తెరిచాను. కానీ ఆమె మొహం చూసి మూసుకున్నాను. ఏడవడం లేదు. థీసిస్ కాగితాలను అంచులు కలిసేలా బల్ల మీద తట్టి సర్దుతోంది. ఏడాది చివరి ఉద్యోగం, సదస్సు, అయిదేళ్ల చదువు అన్నీ ఆ కాగితాల్లోనే ఉన్నాయి. వాటిని తూచి ఇచ్చింది నేను. నేను పోగొట్టుకునేదల్లా రిటైర్మెంటు సభలో రెండు పొగడ్తలు.

"ముందు కమిటీకి చెప్పాలి సార్. సదస్సుకు రావట్లేదని నేను ఈరోజే రాస్తాను" అంది.

"ఒంట్లో బాగాలేదని రాయకూడదా?"

"ఎవరి ఒంట్లో సార్?"

మనుషుల మీద చేసే ప్రయోగాలకు అనుమతిచ్చే నైతిక కమిటీ వారం తరవాత కూర్చుంది. దాని అధ్యక్షుడు ఒక రిటైర్డు జడ్జి. నేను నా బేరాలన్నీ జేబులో వేసుకుని వెళ్లాను. ముందు మూడు నెలలు అడగాలి, నాలుగుకు ఒప్పుకోవాలి, ఉద్యోగం చెడకుండా చూడాలి.

జడ్జిగారు మా వివరణ పత్రం రెండుసార్లు చదివారు. "ఎవరికైనా హాని జరిగిందా?" అన్నారు.

"లేదండి. అందరికీ వెళ్లింది మీరు అనుమతించిన రెండు గ్రాములలోపే."

"తప్పుడు ఫలితం కోసం ఎవరైనా వెయ్యమన్నారా?"

"లేదండి. అలవాటండి."

"ఏం అలవాటు?"

చెప్పాను. కొట్టు, పీట, జీలకర్ర, మా నాన్న సిద్ధాంతం, అన్నీ చెప్పాను. కమిటీలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నా సర్వీసులో తక్కువ తూచినవాళ్ల కేసులు చాలా విన్నానండి. ఎక్కువ తూచిన ముద్దాయిని చూడటం ఇదే మొదలు. ఏం శిక్ష వెయ్యాలో పుస్తకంలో ఉండదు."

ఇదే అదను అనుకుని, "మాకు మూడు నెలలు..." అని మొదలుపెట్టాను. మా అమ్మాయి లేచి నిలబడింది.

"మొత్తం మళ్లీ చేస్తానండి. వేరేవాళ్లు తూస్తారు. తూచిన ప్రతి పొట్లాన్నీ కవరు అంటించేముందు ఇంకొకరు మళ్లీ తూస్తారు. ఇంకొక మోతాదు కూడా కలుపుతాను, ముప్పావు గ్రాము. అర గ్రాము నిజంగా పనిచేయదేమో, ఆ ముప్పావే చేసిందేమో తెలియాలి. ఎనిమిది నెలలు కావాలండి."

"ఆరు అను" అన్నాను పక్కనుంచి, చెయ్యి అడ్డం పెట్టుకుని.

"గైడుగారూ, బేరం ఆడుతున్నారా?" అన్నారు జడ్జిగారు.

"ఎనిమిదేనండి" అంది ఆమె.

ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు: తూచే గదిలోకి గైడు అడుగుపెట్టకూడదు. ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన డిపార్టుమెంటులో నాకు నిషేధించిన గది ఒకటి ఏర్పడింది. ఆ శనివారం అలవాటుగా అటు వెళితే అటెండరు గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"మీరు రాకూడదంటండీ సార్."

"ఊరికే చూసి వెళతానయ్యా."

"మీ చెయ్యి బయట పెట్టి రమ్మంటే వస్తారా అండీ?"

ఉద్యోగం సంగతి నేను మాట్లాడతానన్నాను. వద్దంది. తనే బెంగుళూరుకు ఫోను చేసి, జరిగింది జరిగినట్టు చెప్పి, ఇంకో ఏడాది ఆగుతారా ఆగరా అని అడిగింది. తగ్గించలేదు, పెంచలేదు, బతిమాలలేదు. ఆలోచించుకుని చెబుతామన్నారు. వారం రోజులపాటు మా డిపార్టుమెంటులో ఎవరికీ టీ రుచించలేదు. చివరికి ఆగుతామన్నారు. ఇలాంటి తప్పును తనంతట తను బయటపెట్టిన మనిషి తమకు కావాలని అన్నారట. నేను నలభై ఏళ్లు బేరాలాడి సాధించనిది అది.

నేను సరఫరాదారుకు ఫోను చేసి క్షమాపణ అడిగాను. ఆ డబ్బా ఖరీదు పంపుతానన్నాను. "ఉంచుకోండి సార్, కొసరు అనుకోండి" అన్నాడు. అతనికి ఈ కథ తెలియదు.

ఎనిమిది నెలలకు మళ్లీ గుట్టు విప్పాం. అర గ్రాము మందు లేని నీళ్లకన్నా ఏమీ మెరుగ్గా లేదు. మా సంచలనం అక్కడితో సరి. ముప్పావు గ్రాము మాత్రం రెండు గ్రాములతో సమానంగా పనిచేసింది. థీసిస్‌లో మొదటి ప్రయోగం ఎందుకు చెడిందో ఒక అధ్యాయం మొత్తం రాసింది. నా పేరు లేకుండా, 'తూచిన వ్యక్తి' అని రాసింది. ఆ వ్యక్తి గురించి చదువుతుంటే నాకే జాలేసింది.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీ తిప్పుతూ, "అర, ఒకటి, రెండు సరే. మధ్యలో ఈ ముప్పావు ఏ ఆధారంతో ఎంచుకున్నావమ్మా?" అని అడిగాడు.

వెనక వరసలో నేను కుర్చీలో కిందికి జారాను.

"అది మా గైడుగారు చేత్తో కనిపెట్టారు సార్" అంది. ఆ తరవాత కారణం అంతా వివరించింది. పరీక్షకుడు వెనక్కి తిరిగి నా చేతులకేసి చూశాడు. నేను వాటిని జేబుల్లో పెట్టుకున్నాను.

ఇప్పుడామె బెంగుళూరులో ఉంది. వాళ్ల నాన్న పర్చూరులో ఇంటి గేటుకే బోర్డు పెట్టించాడు, రెండు డిగ్రీలూ రాయించి.

బెంగుళూరు వెళ్లేముందు ఆమె నన్నూ షెడ్డుకు తీసుకెళ్లింది. ఆడవాళ్లకు పొడి పంచే చివరి రోజు అది. ఈసారివి యంత్రం కట్టిన పొట్లాలు, అన్నీ ఒకే బరువు. మేస్త్రమ్మ ఒకటి విప్పి, అరచేతిలో పోసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"కాంటా తూకమేగా ఇది. సారు ఏసే కొసరేది డాక్టరమ్మా?"

"లోపలే ఉందమ్మా. ఇప్పుడు తూకంలోనే కలిపేశాం."

మేస్త్రమ్మ నమ్మలేదు. మా అమ్మాయిని వదిలేసి నా వైపు తిరిగి అరచెయ్యి చాపింది. నా చెయ్యి జేబులోంచి అప్పటికే సగం బయటికి వచ్చేసింది.

"సార్" అంది మా అమ్మాయి.

మళ్లీ లోపల పెట్టుకున్నాను.